యానాంలో విడిది ఇల్లు

మా యానాన్ని పాతవాళ్ళు కల్యాణపురం అనేవారు. పేరు బాగానే ఉంటుంది గానీ, అది వచ్చిన దారి వేరు. బ్రిటిష్ ఇండియాలో 1929లో చేసిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. 14 ఏళ్ళ లోపు ఆడపిల్లకి పెళ్ళి చేస్తే తండ్రికి నెల దాకా జైలు, 1000 రూపాయల దాకా జరిమానా. చుట్టూ గోదావరి జిల్లా ఉన్నా, యానాం ఫ్రెంచివాళ్ళది. ఆ చట్టం ఇక్కడ చెల్లదు. దాంతో కోనసీమవాళ్ళు గోదారి దాటి, కాకినాడ వైపు వాళ్ళు బండ్లు కట్టుకుని పిల్లల్ని తీసుకొచ్చి పెళ్ళిళ్ళు చేసుకుపోయేవారు.

మా మామ్మ పుట్టింటివాళ్ళు ఆ రోజుల్లో ఇల్లు విడిదికి ఇచ్చేవారట.

పెళ్ళి ఆడపెళ్ళివారి ఊళ్ళో జరుగుతుందనే కదా మన మర్యాద లెక్కలన్నీ. మగపెళ్ళివారు రాగానే ఎదురు సన్నాహం, మేళం, పానకం బిందెలు. విడిదిలో పందుంపుల్లల దగ్గర్నుంచి కాఫీల దాకా వీళ్ళే చూడాలి. ఏది తగ్గినా అలకే. మరి ఇద్దరూ పరాయి ఊరివాళ్ళే అయితే ఎవరు ఎవరికి ఎదురెళ్ళాలి?

మామ్మ చెప్పడం, ఆడపెళ్ళివారు ఒక పూట ముందే దిగేవారట. మామ్మ వాళ్ళ పెరట్లో పానకం కలిపి, అరువు బిందెల్లో పోసుకుని, రేవు దగ్గర ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాళ్ళలా నిలబడేవారట. మగపెళ్ళివారూ ఏమీ ఎరగనట్టే పడవ దిగేవారు. ఇప్పుడు రెండు పక్షాలూ ఫంక్షన్ హాలు అద్దెకి తీసుకుని లిఫ్టు దగ్గర ఎదురు సన్నాహం చేస్తున్నారు చూడండి, ఆ తంతు మా ఊళ్ళో అప్పుడే నడిచింది. వీధి గదులు మగపెళ్ళివారికి, వంటింటి పక్క పంచ ఆడపెళ్ళివారికి. ఇంటివాళ్ళు ఏ పక్షమూ కారు. అయినా విస్తళ్ళు చాలకపోతే మాట పడేది వాళ్ళే!

ఇదంతా నవ్వుతూ చెప్పే మామ్మ ఒక్క దగ్గర ఆగేది. అప్పటికి తనకి పదేళ్ళు. అర్ధరాత్రి ముహూర్తమైతే పెళ్ళికూతుర్ని నిద్ర లేపే పని తనకి పెట్టేవారట. ఈడుపిల్ల లేపితే ఏడవదని. కొందరు తనకన్నా చిన్నవాళ్ళే.

అప్పగింతల్లో పెద్దవాళ్ళంతా ఏడ్చేవారు. మర్నాడు ఆ పిల్ల మళ్ళీ తండ్రి పడవే ఎక్కేది. కాపురానికి పంపేది పెద్దమనిషి అయ్యాకే కదా. "నిన్న ఎందుకేడ్చారే అందరూ?" అని ఒక పిల్ల రేవులో తననే అడిగిందట. ఏం చెప్పావని నేనడిగితే, "నాకు మాత్రం ఏం తెలుసురా" అంది.