నాలుగు భాషలను ఒకటి చేసిన ఉత్తర్వు



మన విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పైచదువులకు వచ్చే ఇథియోపియా విద్యార్థులను మీలో చాలామంది చూసే ఉంటారు. వారి దేశంలో ఎనభైకి పైగా భాషలున్నాయి. నైరుతి దిక్కున ఓమో నది పరిసరాల్లో మాట్లాడే భాషల కుటుంబానికి ఆ నది పేరు మీదనే ఓమోటిక్ అని పేరు. ఆ కుటుంబంలోని నాలుగు భాషలకు 1999లో వచ్చిన కష్టాన్ని మనవి చేయదలచాను. ముప్పై అయిదేళ్లు ఫైళ్ల మీద నోట్లు రాసిన నాకు ఈ కథ మనసులో నాటుకుపోయింది.

ఆ నాలుగూ వొలాయిటా, గామో, గోఫా, దావ్రో. 2007 జనాభా లెక్కల్లో వొలాయిటాలు సుమారు 16 లక్షల 76 వేలు, గామోలు 11 లక్షలు, దావ్రోలు 5 లక్షల పైచిలుకు, గోఫాలు 3 లక్షల 60 వేలు. ఎక్కువమంది సేద్యం మీద బతికేవారే. వారి ముఖ్యాహారం ఎన్సెట్ అనే మొక్క. చూడటానికి అచ్చం అరటి చెట్టే గాని దాని కాయ తినరు. దుంపనూ, బోదెలోని గుజ్జునూ గోతిలో పాతి, పులియబెట్టి, రొట్టెలు చేసుకుంటారు. గామో కొండల్లోని డోర్జే వారు నేతపనికి దేశమంతటా పేరు మోసినవారు.

వొలాయిటాకు ఒకప్పుడు సొంత రాజ్యం ఉండేది. 1894లో మెనెలిక్ చక్రవర్తి దాని రాజైన టోనాను ఓడించి ఆ రాజ్యాన్ని కలుపుకున్నాడు. అది మొదలు కచేరీలోనూ, బడిలోనూ అమ్హారిక్ భాషదే పెత్తనం. 1974లో చక్రవర్తి హైలే సెలాసీని దించి వచ్చిన సైనిక ప్రభుత్వం, 1979లో అక్షరాస్యతా ఉద్యమం ప్రారంభించి 15 భాషల్లో చదువు చెప్పించింది. వాటిలో వొలాయిటా ఒకటి. ఆ ప్రభుత్వమూ 1991లో కూలిపోయింది. 1995 నాటి రాజ్యాంగం దేశంలోని భాషలన్నింటికీ సమాన గుర్తింపు ఇచ్చింది. చిన్న తరగతులు మాతృభాషలో చెప్పసాగారు.

అయితే ఈ నాలుగు జాతులూ ఉత్తర ఓమో అనే ఒకే జిల్లాలో ఉండేవి. నాలుగు భాషలంటే నాలుగు రకాల పుస్తకాలు, నాలుగు విధాల ఉపాధ్యాయ శిక్షణ, నాలుగింతల ఖర్చు. పైగా ఈ భాషలు బాగా దగ్గరివి, ఒకరి మాట మరొకరికి చాలావరకు అర్థమవుతుంది. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా అన్నింటినీ కలిపితే సరిపోతుందని అధికారులు తలచారు. ఇలాంటి నోటు ఏ ఆఫీసులోనైనా సులువుగా సంతకానికి నోచుకుంటుందని మనకు తెలియనిది కాదు.

అలా నాలుగు పేర్ల మొదటి అక్షరాలు కలిపి 'వొగాగోదా' అనే భాషను తయారుచేశారు. ఆ భాషలో పాఠ్యపుస్తకాలు అచ్చువేసి 1999లో బడులకు పంపారు. ఏ తల్లీ బిడ్డతో మాట్లాడని భాష అది. అప్పటికే తమ భాషలో పుస్తకాలున్న వొలాయిటా వారు అవి తీసేసి ఇవి ఇవ్వడాన్ని సహించలేకపోయారు. అభ్యంతరం చెప్పిన ఉపాధ్యాయులను బదిలీ చేశారు, కొందరిని నిర్బంధించారు. ఆ నవంబరులో వొలాయిటా ముఖ్య పట్టణమైన సోడోలో విద్యార్థులూ, పెద్దలూ వీధుల్లోకి వచ్చారు. కాల్పులు జరిగాయి. కొందరు ప్రాణాలు కోల్పోయారు. చివరకు ప్రభుత్వం ఆ పుస్తకాలను వెనక్కు తీసుకుంది. 2000లో ఉత్తర ఓమో జిల్లానే రద్దుచేసి వొలాయిటా, దావ్రో, గామో గోఫా జిల్లాలను ఏర్పరచింది. బాస్కెటో, కొంటా అనే చిన్న జాతులకు కూడా ప్రత్యేక తాలూకాల వంటివి దక్కాయి. తరువాత గామో, గోఫాలు కూడా వేరు జిల్లాలయ్యాయి.

ఖర్చు గురించి అధికారులు వేసిన లెక్క తప్పని నేను అనను. మాట్లాడేవారు తక్కువైనకొద్దీ ఒక్కొక్క పుస్తకానికి అయ్యే ఖర్చు పెరుగుతుంది. భాషలు దగ్గరివన్న మాటా నిజమే. కాని అన్నదమ్ములు ఒకే పోలికలో ఉన్నారని ఇద్దరికీ ఒకే పేరు పెట్టి రేషను కార్డులో ఒక్కడిగా రాస్తే ఊరుకుంటారా? ఆ పుస్తకాలు రాసేముందు అడగవలసినవారిని అడగలేదు. లోపమంతా అక్కడే ఉంది.

మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పనిచేస్తూ సవరల భాషను సవరల నోట విని నేర్చుకున్నారు. ఆ తరువాతనే వారి పిల్లలకు వారి మాటల్లో పుస్తకాలు రాశారు, బడులు పెట్టించారు. ఇది జరిగింది వొగాగోదాకు సుమారు నూరేళ్ల ముందు.

మన సంఘ సభ్యుల్లో మన్యంలో పనిచేసి సవర, గదబ, కువి మాటలు నేర్చినవారున్నారు. జ్ఞాపకమున్న మాటలను, ఏ ఊళ్లో ఎవరి దగ్గర విన్నారో సహా, ఒక కాగితం మీద రాసి సంఘ కార్యాలయానికి అందజేయవలసిందిగా కోరుతున్నాను. వచ్చిన కాగితాలన్నింటినీ శుభ్రంగా తిరగరాసి ఫైలు కట్టే పని నేను చూసుకుంటాను.