కోరంగి, కనక్

రంగూన్ రేవైనా మరే ఊరైనా, బ్రిటిష్ కాలంలో బర్మాకు పొట్టచేత పట్టుకుని పోయిన తెలుగువాడు అక్కడివాళ్ళకు ‘కోరంగి’. కాకినాడ దగ్గరి పాత రేవు పేరది. విశాఖలో ఓడెక్కినా కోరంగీయే! పిలుపులో కూలివాడన్న చులకన ఉండేది. 1930 మేలో రంగూన్ రేవు అల్లర్లలో దెబ్బలు తిన్నదీ వాళ్ళే.

పసిఫిక్‌లో ఇలాంటి మాటే ‘కనక్’. మన కనకంతో దానికి చుట్టరికం లేదు. హవాయి భాషలో ‘కనక’ అంటే మనిషి. తెల్ల నావికులు దాన్ని దీవిదీవికీ మోసుకెళ్ళారు. క్వీన్స్‌లాండ్ చెరకుతోటల్లో అది కూలీల పేరైంది, ఫ్రెంచి ఏలుబడిలోని న్యూ కలెడోనియాలో ఏకంగా తిట్టైంది. 1970ల్లో అక్కడి మూలవాసులు ఆ తిట్టునే తమ జాతిపేరుగా ఎత్తుకున్నారు. ఫ్రెంచి స్పెల్లింగును వదిలేసి, ‘కె’తో మొదలెట్టి ‘కె’తోనే ముగించారు. గడుసుతనమంటే అదీ!

ఇప్పుడా పేరు చిత్రకళకూ అంటింది. పూర్వం కనక్‌లు వెదురుబొంగుల మీద గుడిసెలు, పడవలు, తుపాకులు పట్టిన తెల్లవాళ్ళ బొమ్మలు సన్నగా చెక్కి, గీతల్లో మసి పులిమేవారు. నేటి చిత్రకారులు ఆ గీతల్నే కాన్వాస్ మీదికి తెస్తున్నారు, రంగు పక్కనే బెరడూ ఇసుకా అతికిస్తున్నారు.