చెయ్యి వదిలిన బంతి

తొమ్మిదో తరగతి పిల్లలున్న ఇళ్ళలో ఏటా ఒక ప్రశ్న వస్తుంది. బంతి విసిరాం. చెయ్యి వదిలేసింది. ఇంకెవరూ దాన్ని నెట్టడం లేదు. మరి ఎందుకు ముందుకు పోతోంది? ఇక్కడ కువైట్‌లో మన పిల్లలు చదివే సి.బి.ఎస్.ఇ. సైన్సు పుస్తకం "ఇనెర్షియా" అని జవాబు చెప్పి లెక్కల్లోకి దిగిపోతుంది. పిల్లలు ఆ మాట రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ ఒక్క మాట దగ్గరికి చేరడానికి మనిషికి రెండు వేల ఏళ్ళు పట్టింది. ఆ దారిలో నడిచినవాళ్ళలో ఒక తెలుగు పండితుడూ, మనకి ఉత్తరాన ఉన్న బాగ్దాదు వైద్యుడొకడూ ఉన్నారు. నేను చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు ఉద్యోగం; ఈ కథ మాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

గ్రీకుల అరిస్టాటిల్‌కి ఈ ప్రశ్న పెద్ద తలనొప్పి. కదిలే ప్రతిదాన్నీ ఏదో ఒకటి కదిలిస్తూ ఉండాలని ఆయన నమ్మకం. అందుకే చెయ్యి వదిలాక చుట్టూ ఉన్న గాలే రాయిని నెడుతోందన్నాడు. ఎదురుగాలిలో సైకిలు తొక్కినవాడెవడైనా గాలి చేసే ఉపకారం ఏపాటిదో చెప్పగలడు. ఆరో శతాబ్దంలో అలెగ్జాండ్రియా పండితుడు ఫిలోపొనస్ దీన్ని కొట్టిపారేశాడు. విసిరినవాడు రాయిలోకే ఏదో శక్తిని ఎక్కిస్తున్నాడని ఆయన వాదం.

మన వైశేషికులు ఈ ప్రశ్నని బాణంతో మొదలుపెట్టారు. వింటినారి తోపు వల్ల బాణానికి మొదటి కదలిక వస్తుంది. ఆ కదలిక బాణంలో "సంస్కారం" అనే గుణాన్ని పుట్టిస్తుంది. అక్కణ్ణుంచి వరసగా వచ్చే కదలికలన్నిటికీ ఆ సంస్కారమే కారణం. అది అయిపోయాక బరువు వల్ల బాణం కింద పడుతుంది. కణాదుడి సూత్రాల్లో ఉన్న ఈ వరసని ఆరో శతాబ్దం ప్రాంతపు ప్రశస్తపాదుడు ఇంకా విప్పి చెప్పాడు.

వీటన్నిటినీ చిన్న పాఠ్యపుస్తకంగా కుదించినవాడు మన అన్నంభట్టు. ఆంధ్రదేశం నుంచి కాశీకి వెళ్ళి పేరు తెచ్చుకున్న ఈ పండితుణ్ణి సాధారణంగా పదిహేడో శతాబ్దం వాడంటారు. కాశీకి పోయినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని పండితుల్లో ఒక నానుడి ఉంది. కువైట్ వచ్చినంత మాత్రాన మనమంతా షేకులం అయిపోనట్టే! పిల్లలకి సులువుగా తెలియాలని రాస్తున్నట్టు ఆయన తన "తర్కసంగ్రహం" మొదట్లోనే చెప్పుకున్నాడు. తర్కం చదివే విద్యార్థులు ఈనాటికీ ఆ పుస్తకంతోనే ఓనమాలు దిద్దుతారు.

అందులో ఇరవైనాలుగు గుణాల జాబితా ఉంది. చివరిది సంస్కారం. అది మూడు రకాలు. ఒకటి వేగం. రెండోది భావన, అంటే అనుభవం ఆత్మలో వదిలి వెళ్ళే ముద్ర. జ్ఞాపకం దానివల్లే వస్తుంది. మూడోది స్థితిస్థాపకం, చుట్టి ఉంచిన చాపని పరిస్తే మళ్ళీ చుట్టుకుపోయేది దీనివల్లే. విసిరిన బంతినీ, చిన్ననాటి జ్ఞాపకాన్నీ, చాపనీ ఒకే గూట్లో పెట్టిన ఆలోచన నాకు మహా ముచ్చటగా అనిపిస్తుంది. మూడింటిలోనూ జరిగిపోయినదేదో లోపల మిగిలి పనిచేస్తోంది. వేగం ఉండే చోట్లలో మనస్సు కూడా ఒకటని ఆయన లెక్క. మనోవేగం అన్న మాట మనం ఇప్పటికీ వాడుతూనే ఉన్నాం కదా.

గురుత్వానికి ఆయన ఇచ్చిన నిర్వచనం ఇంకా చిత్రమైనది. వస్తువు "మొదట" పడటానికి కారణమైన గుణం గురుత్వం అన్నాడు. మొదట అని ఎందుకు? తన పుస్తకానికి తనే రాసుకున్న "దీపిక"లో జవాబిచ్చాడు. రెండో క్షణం నుంచి పడటానికి వేగం కారణమౌతుంది కాబట్టి, నిర్వచనం దాన్ని కలుపుకోకూడదట. పడేకొద్దీ రాయి వడి పెరుగుతుందని మాత్రం ఆయన ఇక్కడ అనలేదు.

తెలుగు మీడియంలో చదివిన తల్లిదండ్రులకి ఈపాటికి వెలిగి ఉంటుంది. వేగం, గురుత్వం, స్థితిస్థాపకత అన్నీ మన భౌతికశాస్త్రం పుస్తకంలోని మాటలే. పాత మాటలకి కొత్త అర్థాలిచ్చి వాడుకున్నాం. మాట ఒకటే కాబట్టి అర్థమూ ఒకటే అనుకోవడంతోనే చిక్కు వస్తుంది.

న్యూటన్ మూడు సూత్రాలూ కణాదుడు ముందే చెప్పేశాడని, సంస్కృత వాక్యాలతో సహా ఒక సందేశం ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. పిల్లల ముందు వేదికల మీద కూడా ఈ మాట వింటున్నాం. ఆ వాక్యాలు కణాదుడివి కావు, ప్రశస్తపాదుడివి. అవి మూడు సూత్రాలూ కావు. ఒకే వాక్యాన్ని మూడు ముక్కలు చేశారు. ఒక ప్రత్యేక కారణం వల్ల జరిగే క్రియ నుంచి వేగం పుడుతుంది, అది ఒకే దిక్కుగా కదలికల వరసని నడుపుతుంది, తాకే వస్తువు అడ్డొస్తే దెబ్బతింటుంది అని దాని సారాంశం. ఎంత చక్కటి పరిశీలన! చర్యకి సమానమైన ప్రతిచర్య మాత్రం ఇందులో ఎక్కడా లేదు. బలాన్ని కొలవడమూ లేదు. లేనిది ఉందని చెప్తే, పిల్లవాడు ఇంటర్‌లో అసలు సంగతి తెలుసుకున్న రోజున, ఉన్నదాన్ని కూడా నమ్మడు.

ఇక ఇటువైపు చూద్దాం. కువైట్ నగరానికి సుమారు 130 కిలోమీటర్ల దూరంలో ఉన్న బస్రాలో 965 ప్రాంతంలో పుట్టిన ఇబ్న్ అల్ హైతమ్ కాంతి పరావర్తనాన్ని అద్దానికేసి విసిరిన ఇనుప గుండుతో పోల్చాడు. గుండు కదలికని అద్దానికి నిలువుగా ఒకటి, అద్దం వెంబడి ఒకటి అని రెండు భాగాలుగా విడదీశాడు. మన పిల్లలు ఇప్పుడు పదకొండో తరగతి వెక్టర్లలో చేసే పని అదే.

ఆయన కాలం వాడే ఇబ్న్ సీనా. విసిరిన వస్తువులోకి "మైల్" చేరుతుందన్నాడు. ఇది హైవే మీద మైలు కాదు. అరబ్బీలో ఆ మాటకి వంపు, మొగ్గు అని అర్థం. గాలిలాంటి అడ్డంకులు మైల్‌ని తినేస్తాయి. అడ్డే లేని శూన్యంలో అయితే అది తరగదు, వస్తువు ఎప్పటికీ ఆగదు. ఇంత దూరం వచ్చాక, అలా ఆగని వస్తువు ఎక్కడా లేదు కాబట్టి శూన్యమే లేదని తేల్చేశాడు! తర్వాత పన్నెండో శతాబ్దంలో బాగ్దాదు వైద్యుడు అబుల్ బరకాత్ పడే రాయిని పట్టుకున్నాడు. బరువు క్షణక్షణమూ కొత్త మైల్‌ని చేరుస్తూ పోతుంది, అందుకే పడేకొద్దీ రాయి వడి పెరుగుతుందన్నాడు. అన్నంభట్టు "మొదటి" పడటం పక్కన దీన్ని పెట్టి చూడండి. ఇద్దరూ ఒకే గుమ్మం ముందు నిలబడినట్టుంటుంది.

పద్నాలుగో శతాబ్దంలో పారిస్‌లో బురిదాన్ కూడా "ఇంపెటస్" పేరుతో ఇలాంటిదే చెప్పాడు. వీళ్ళందరికీ ఉమ్మడి సంగతి ఒకటుంది. కదలిక సాగడానికి లోపల ఒక కారణం ఉండి తీరాలన్నారు. గెలీలియో వాలుబల్లల మీద గుండ్లు దొర్లించి కాలాన్ని కొలిచి, 1638లో పుస్తకం వేశాడు. 1687లో న్యూటన్ ఆ ప్రశ్ననే తిప్పేశాడు. నిశ్చలంగా ఉండటానికి కారణం అక్కర్లేనట్టే, ఒకే వడితో తిన్నగా పోవడానికీ అక్కర్లేదు. కారణం కావలసింది మార్పుకే. చెయ్యి వదిలిన బంతి ఎందుకు పోతోందని అడగనక్కర్లేదు; ఎందుకు వంగింది, ఎందుకు ఆగింది అని అడగాలి. గాలి, నేల, భూమి ఆకర్షణ అని జవాబులు వరసగా వస్తాయి.

ఇబ్న్ సీనా ఎక్కడా లేదన్న వస్తువుకి దాదాపు సరిపోయేది ఇప్పుడొకటి ఉంది. 1977లో అమెరికావాళ్ళు పంపిన వాయేజర్ 1. దాన్ని ముందుకు తోసే ఇంజనేదీ ఇప్పుడు పనిచేయడం లేదు. సూర్యుడి ఆకర్షణ వెనక్కి లాగుతూ వడిని కొద్దికొద్దిగా తగ్గిస్తున్నా, సెకనుకి సుమారు 17 కిలోమీటర్ల చొప్పున పోతూనే ఉంది.