బాతువేట పెద్దతుపాకులు



మన గ్రామములలో లైసెన్సు తుపాకి గల పెద్దలు అక్కడక్కడ కలరు. వారిని అడిగినచో తమది 'పన్నెండు నంబరు' తుపాకియని చెప్పుదురు. ఈ పన్నెండు అనునది దేని లెక్క? అంగుళముల లెక్క కాదు, తులముల లెక్కయు కాదు. ఒక పౌను సీసమును కరగించి, సమానమైన పన్నెండు గుండ్లుగా పోసినచో, అందొక గుండు ఏ గొట్టమున సరిగా ఇముడునో అది పన్నెండు నంబరు గొట్టము. అదే పౌనును ఎనిమిది గుండ్లుగా పోసినచో గుండు పెద్దదగును. దానికి తగిన గొట్టము ఎనిమిదవ నంబరు. నాలుగే పోసినచో నాలుగవ నంబరు. కావున ఈ లెక్కలో అంకె తగ్గినకొలది తుపాకి నోరు పెద్దదగుచుండును. పన్నెండు నంబరు గొట్టపు నోరు ముప్పాతిక అంగుళమునకు కొంచెము తక్కువ. నాలుగవ నంబరుది అంగుళమునకు పైమాట. మొదటిది ఔన్సుకు కొంచెము పైగా సీసపు రవను విసరును; రెండవది మూడు నాలుగు ఔన్సులు విసరును. అట్టి తుపాకిని భుజమునకు ఎత్తవలెనన్న ఇంచుమించు ఇరువది పౌనుల బరువు మోయవలెను.

ఏనుగువేటకై చేసిన అట్టి తుపాకులును కలవు. కాని నేడు నేను చెప్పబోవునవి పెద్దబాతుకొఱకు చేసినవి. వాని పుట్టినిల్లు ఇంగ్లండుదేశపు బురదతీరములు. ఒక్క పక్షికొఱకు ఇంత ఇనుమేల యని మీరు నవ్వవచ్చును. నవ్వుటకు ముందు ఆ పక్షిని చూడవలెను.

ఉత్తరధ్రువప్రాంతమున మంచు కమ్ముకొనగానే బాతులు గుంపులుగా దక్షిణమునకు దిగివచ్చి, ఇంగ్లండులో వాష్ అఖాతమునందును, హంబరు, సెవర్న్ నదుల ముఖములందును శీతకాలము గడపును. మన దేశమునకును మంగోలియా, టిబెట్టు సరస్సులనుండి హిమాలయములు దాటి, తలపై రెండు నల్లచారలుగల పెద్దబాతులు చిల్కసరస్సునకు, దక్షిణదేశపు చెరువులకు వచ్చుచున్నవి గదా! మన ప్రాచీనులు హంసయన్నది ఈ పక్షినే అని కొందరు పండితుల మతము. ఏ దేశపు పెద్దబాతైనను స్వభావమొక్కటియే. నలువైపుల దృష్టి ఆనెడి బయలున దిగును. గుంపులో కొన్ని మేయుచుండగా కొన్ని మెడలెత్తి కావలి కాయును. మనిషి నూఱు గజముల దూరమున ఉండగానే లేచిపోవును. పైగా దాని ఱొమ్మున ఈకలక్రింద దట్టమైన నూగు. చిన్నరవ దానిని చొచ్చుట కష్టము.

దూరమునుండి కొట్టవలెనన్న రవ పెద్దదిగా ఉండవలెను. పెద్దరవయే దూరమున బలము నిలుపుకొనును. రవ పెద్దదైనచో ఔన్సుకు వచ్చు గింజలు తక్కువగును. తక్కువైనచో అవి ఎడముగా చెదరి, నడుమనుండి పక్షి తప్పించుకొనును. గింజల సంఖ్యను నిలుపవలెనన్న ఔన్సులు పెంచవలెను. ఔన్సులు పెంచవలెనన్న గొట్టము పెంచవలెను. బాతు ఎడమైనకొలది తుపాకి పెరిగెను. ఈ తుపాకుల చరిత్రయంతయు ఈ పందెమే.

ఆ పందెములో బాతులు చాలకాలము గెలిచినవి. కారణము చెకుముకి రాయి. వెనుకటి తుపాకులలో గొట్టమున మందును, రవను దట్టించి, ప్రక్కనున్న చిన్నపళ్లెరములో రంజకము పోసెడివారు. మీట నొక్కగా చెకుముకి రాయి ఉక్కును కొట్టును. నిప్పురవ్వ రాలి రంజకము భగ్గుమనును. ఆ మంట సన్నరంధ్రమున లోపలికి ప్రాకి అసలు మందును ముట్టించును. ఇదియంతయు ఱెప్పపాటులో జరుగును గాని, నీటిమీది పక్షికి ఆ ఱెప్పపాటే చాలును. మంట కనబడగానే మునుగునది మునుగును, ఎగురునది ఎగురును. సీసము వచ్చుసరికి అచ్చట నీరు మాత్రమే మిగులును.

స్కాట్లండులో అబర్డీన్ పట్టణమునకు చేరువనున్న బెల్‌హెల్వీ గ్రామమున అలెగ్జాండర్ జాన్ ఫోర్సైత్ అను క్రైస్తవ పురోహితుడుండెను. ఆదివారము ధర్మబోధ, తక్కిన దినములలో రసాయనశాస్త్రము, సమయము చిక్కినపుడు నీటిపక్షుల వేట, ఇవి ఆయన వ్యాపకములు. రంజకపు మంటను చూచి పక్షులు తప్పించుకొనుట ఆయనకు తలనొప్పియయ్యెను. దెబ్బ తగిలిన మాత్రమున ప్రేలెడి ఒక జాతి రసాయనపు ఉప్పులు ఆ కాలమునకే తెలిసియుండెను. రంజకమునకు బదులు దానిని సుత్తెతో కొట్టి ప్రేల్చినచో బయటికి మంట కనబడదు, ఆలస్యమును ఉండదు అని ఆయన తలచెను. యంత్రమును చేసికొని 1806లో లండను చేరెను. అచ్చటి కోటలోని ఆయుధశాలలో పని చేసికొనుటకు ఒక గది ఇచ్చిరి. మరుసటి ఏడు అధికారి మారెను. క్రొత్తగా వచ్చిన ప్రభువు ఆయన సామగ్రినంతయు తీసికొని పొమ్మనెను. పురోహితుడు 1807లోనే తన యంత్రమునకు పేటెంటు పొంది తన ఊరికి మరలిపోయెను.

తరువాత ఇతరులు ఆ మందును చిన్న రాగిటోపీలో పెట్టు ఉపాయము కనిపెట్టిరి. వేటగాండ్రు దానిని వెంటనే అందుకొనిరి. సైన్యమునకు మాత్రము ముప్పది ఏండ్లు పట్టెను. ప్రభుత్వము ఫోర్సైత్‌నకు 1842లో ఇచ్చినది రెండువందల పౌనులు. 1843లో ఆయన మరణించెను. పిమ్మట బంధువులకు వేయి పౌనులు పంచిపెట్టిరి. బ్రతికియుండగా రెండువందలు, చచ్చినపిదప వేయి! దొరతనముల లెక్క ఎక్కడనైనను ఇట్లేయుండును కాబోలు.

ఈ యంత్రము మన దేశమునకును వచ్చినది. 1857లో సిపాయిల చేతికిచ్చిన ఎన్‌ఫీల్డు తుపాకి రాగిటోపీతో ప్రేలునదే. ఆవుకొవ్వు, పందికొవ్వు పూసినవని సిపాయిలు తిరస్కరించినవి ఆ తుపాకి తోటాలు. ఆ గొడవకు టోపీతో సంబంధము లేదు. అయినను ఆ తుపాకిని ప్రేల్చెడి ఉపాయము మొదట ఒక గ్రామపురోహితుడు నీటిపక్షులను మోసపుచ్చుటకై పన్నినదని తలచినపుడు వింతగా తోచును. యుద్ధముకొఱకు పుట్టిన వస్తువులు ఇంటికి వచ్చుట మనమెఱుగుదుము. ఇచ్చట పక్షి ముందు, సిపాయి వెనుక.

ఇక తుపాకి భుజము దాటి పడవ ఎక్కిన కథ. రెండు మనుష్యుల పొడవున్న గొట్టము, అంగుళమున్నర నోరు, నూఱు పౌనులకు పైబడిన బరువు, ఒక్క దెబ్బకు పౌనో అంతకు మించియో సీసము. దీనిని భుజమున ఆనించు మానవుడు లేడు. చదునైన సన్నని పడవ ముక్కున పండబెట్టి, దాని వెనుకతన్నును పడవకు కట్టిన మోకుపై పడునట్లు చేయుదురు. వేటగాడు పడవలో బోర్లపండుకొని, చేతులు మాత్రము వెలికి చాచి, చిన్నతెడ్లతో నీటిని దువ్వుచు పోవును. పడవకు బూడిదరంగు. తుపాకి ప్రక్కకు తిరుగదు; గురి చూచుటయన్న పడవనే త్రిప్పవలెను. పోటుతో లోపలికి పోవలెను, పాటుతో బయటపడవలెను. లెక్క తప్పినచో బురదలో చిక్కి రాత్రియంతయు మంచులో పడియుండవలెను.

ఈ విద్యకు శాస్త్రము వ్రాసినవాడు కర్నల్ పీటర్ హాకర్. 1786లో పుట్టి, స్పెయినులో 1809 నాటి తలవేరా యుద్ధమున తొడకు గుండుతగిలి, ఆ కుంటికాలితోనే 1853లో చనిపోవువరకు వేటాడెను. 1814లో వేటనుగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన దినచర్య మరణానంతరము 1893లో అచ్చుపడినది. పియానో నేర్చువారి చేతులు నిలుకడగా ఉండుటకు ఒక పనిముట్టు చేసి పేటెంటు పొందినవాడును ఆయనయే. ఆయన జంటగొట్టముల పడవతుపాకి ఒకటి చేయించెను. ఒక గొట్టమునకు క్రొత్త టోపీయంత్రము, రెండవదానికి పాత చెకుముకి. రెండింటిని ఒక్కసారి లాగినచో టోపీగొట్టము ముందు ప్రేలి కూర్చున్న పక్షులను కొట్టును. చెకుముకి గొట్టము ఱెప్పపాటు వెనుకబడి లేచుచున్నవానిని కొట్టును. ఏ ఆలస్యమును చూచి ఫోర్సైత్ విసుగుకొనెనో, ఆ ఆలస్యమునే హాకర్ పనికి పెట్టుకొనెను. క్రూరమైన తెలివియే, కాని తెలివి కాదనలేము.

హాకర్ వంటివారికి ఇది వినోదము. తీరమున గుడిసెలలో ఉన్నవారికి కూడు. వారు రాత్రివేళ, గడ్డకట్టు చలిలో, మందు తడియకుండ గుడ్డచుట్టి పోయెడివారు. అనేకరాత్రులు ఒట్టిచేతులతో వచ్చెడివారు. ఒకరాత్రి అదృష్టము పండి పదులకొలది పక్షులు పడినచో, అవి రైలెక్కి లండనులోని లెడన్‌హాల్ అంగడి చేరెడివి. యార్కుషైరులో డెర్వెంటు నదీతీరమున స్నోడెన్ స్లైట్సు అనునతడు ఇట్లు జీవించిన చివరివారిలో ఒకడు. అతని వృత్తినిగూర్చి 1912లో ఒక పుస్తకమే వెలువడినది. తుపాకి పగిలి చేయి పోయినను, పడవ మునిగినను ఇట్టివారిని అడుగు దిక్కులేదు. పుస్తకములు వ్రాసినది దొరలు గనుక దొరల పేరులే మనకు మిగిలినవి.

బాతులు తగ్గుటకు ఈ పెద్దతుపాకియే కారణమని అనేకులు అందురు. నాకు అది సగము సత్యముగా తోచును. పడవతుపాకి ఒకసారి ప్రేలుటకు కొన్ని గంటల ప్రాకులాట కావలెను. వెనుకనుండి తోటా పెట్టు తేలికతుపాకులు, సరకును తెల్లవారకముందే పట్టణము చేర్చు రైళ్లు, చిత్తడినేలలను ఎండగట్టి పొలములు చేసిన కాలువలు, ఇవియు తమ పాలు చేసినవి. 1930 ప్రాంతమున సముద్రపు బురదలో పెరుగు ఒక గడ్డికి తెగులు సోకి చాలభాగము నశించెను. ఆ గడ్డినే నమ్ముకొన్న నల్లని చిన్నజాతి బాతులు అంతట క్షీణించినవి. అమెరికాలో చెసపీకు అఖాతమున అంగడివేట ఇంకను ఘోరముగా సాగెను. 1918 నాటి వలసపక్షుల చట్టము అచ్చట దానిని మాన్పించినది.

ఇంగ్లండులో మార్పు వేటగాండ్రలోనుండియే మొదలయ్యెను. 1908లో స్టాన్లీ డంకన్ అనునతడు హల్ ప్రాంతమున నీటిపక్షుల వేటగాండ్రకు ఒక సంఘము స్థాపించెను; తీరము పోకుండ, పక్షి పోకుండ, తమ హక్కు పోకుండ చూచుకొనుట దాని ఉద్దేశము. కాని అందఱిలో విచిత్రమైన కథ పీటర్ స్కాట్‌ది. దక్షిణధ్రువయాత్రలో 1912లో ప్రాణము విడిచిన కెప్టెన్ స్కాట్ కుమారుడితడు. వాష్ తీరమున పాడుపడిన దీపస్తంభములో కాపురముండి, బాతులను వేటాడుచు, ఆ బాతులనే చిత్రించుచు పేరుపొందెను. పడవతుపాకియు అతనికి తెలిసిన విద్యయే. 1946లో సెవర్న్ నదీతీరమున స్లింబ్రిడ్జివద్ద నీటిపక్షులకు ఆశ్రయము నెలకొల్పెను. అప్పటికిని వేట మానలేదు. ఒకనాడు తాను ఉన్న వేటలో దెబ్బతిన్న బాతు ఒకటి, కాళ్లు విరిగి, మనిషి అడుగుపెట్టలేని మెత్తని బురదనడుమ పడెను. మరునాడు చూడగా అది ఇంకను ప్రాణముతో ఉండెను. దానిని తెచ్చుటకును దారిలేదు, చంపుటకును దారిలేదు. పిమ్మట అతడు తుపాకి విడిచెను. ఈ సంగతి అతడే స్వీయచరిత్రలో వ్రాసికొన్నాడు.

చట్టములును ఒకదానివెంట ఒకటి వచ్చినవి. 1954లో నల్లని చిన్నబాతునకు రక్షణ కలిగెను. 1967లో చంపిన అడవిబాతులను అమ్మరాదనిరి. అంతటితో కూటికొఱకు వేటాడుట ముగిసెను. 1981 చట్టము అంగుళము ముప్పాతికకు మించిన నోరుగల తుపాకితో పక్షిని కొట్టరాదని శాసించినది. 1999లో ఇంగ్లండున నీటిపక్షులమీద సీసపు రవయే నిషిద్ధమయ్యెను. బురదలో పడిన సీసమును మేతతోపాటు మ్రింగి పక్షులు విషముచే చచ్చుచున్నవని తేలినది. సీసమునకు బదులు వచ్చిన ఉక్కురవ పాతగొట్టములను గీరి పాడుచేయును. తాతలనాటి ఎనిమిదవ నంబరు తుపాకిని మక్కువతో నిలుపుకొన్నవారు ఇపుడు బిస్మతు మొదలగు మెత్తని లోహపు రవను ఎక్కువ ధరకు కొని, తోటాలను ఇంట తామే కూర్చుకొందురు. నల్లమందుకు చేసిన గొట్టమున ఈనాటి మందు పోసినచో అది పగులవచ్చును గనుక, ముందుగా పరీక్షశాలకు పంపి ముద్ర చూచుకొనవలెను.

స్కాట్ తుపాకి విడిచెనే గాని బాతులగుంపును సమీపించు విద్యను విడువలేదు. స్లింబ్రిడ్జిలో 1948లో క్రొత్త సాధనమొకటి సిద్ధపఱచెను. మేతనేలపై వలను మడిచిపెట్టి, దాని అంచునకు తారాజువ్వలవంటి రాకెట్లు కట్టుదురు. గుంపు చేరువకు వచ్చువరకు గంటలకొలది ఊపిరిబిగబట్టి కాచుకొందురు; మీట నొక్కగా వల గాలిలో విచ్చుకొని గుంపుపై పడును. పట్టిన ప్రతిబాతు కాలికి అంకె చెక్కిన లోహపుకడియము తొడిగి విడిచిపెట్టుదురు. 1951లో అతడు ఐస్‌లండునడుమ ఎడారిప్రాంతమునకు పోయి, ఈకలు రాల్చి ఎగురలేకయున్న బాతులను మందలుగా తోలి, వేయికి పైగా పక్షులకు కడియములు వేసెను. ఆ బాతులు ఎచ్చటికి పోవునో, ఎన్నేండ్లు బ్రతుకునో తెలిపినవి ఆ కడియములే. వానిలో పెక్కింటిని తిరిగి పంపినవారు బ్రిటిషుతీరపు వేటగాండ్రు. తాము కొట్టిన పక్షి కాలినుండి విప్పి, దొరకిన చోటు, తేదీ వ్రాసి, టపాలో పంపుచుండిరి.