మిరప మంట, జ్ఞాననాడుల ద్వారం: ఒక పరిశోధన చరిత్ర

తెలుగులో నిప్పు తగిలినా మంటే, మిరపకాయ కొరికినా మంటే. రెండింటికీ 'మండు' అన్న ధాతువే ఆధారం. ఆంగ్లంలో 'హాట్' అన్న మాట కూడా ఈ రెండు అనుభవాలకూ చెల్లుతుంది. ఆలంకారికులు దీనిని లక్షణావృత్తిగా పరిగణిస్తారు. అయితే ఇక్కడున్నది పోలిక మాత్రమేనా, శరీరంలోనే వేడీ కారమూ ఒకచోట కలుస్తున్నాయా అన్న ప్రశ్న తేలడానికి శతాబ్దానికి పైగా పట్టింది. 2021లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చిన తరువాత ఈ చరిత్రను 1997 నుంచి చెప్పడం పరిపాటి అయింది. అంతకు పూర్వపు హంగేరీ పరిశోధకులను విడిచిపెడితే ఈ చరిత్ర అసంపూర్ణమన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

మిరప అమెరికా ఖండపు మొక్క. 16వ శతాబ్దంలో పోర్చుగీసుల ద్వారా భారతదేశానికి చేరింది. అంతకుముందు మన వంటల్లో కారానికి మిరియమే ముఖ్యం. మిరప అన్న పేరులో ఆ మిరియం ఇప్పటికీ వినిపిస్తుంది. ఐరోపాలో మిరపను తమ వంటలో భాగం చేసుకున్నవారిలో హంగేరీ ప్రజలు ప్రముఖులు. సెగెద్ నగర పరిసరాలు పాప్రికా సాగుకు ప్రసిద్ధి.

1876లో ఇంగ్లండుకు చెందిన జాన్ థ్రెష్ మిరపలోని ఘాటు పదార్థాన్ని వేరుచేసి 'క్యాప్సైసిన్' అని పేరుపెట్టాడు. 1878లో హంగేరీ వైద్యుడు ఎండ్రె హోగ్యెష్ మిరప సారం ప్రధానంగా జ్ఞాననాడులపై పనిచేస్తుందనీ, శరీర ఉష్ణోగ్రతను తగ్గిస్తుందనీ గుర్తించాడు. ఆయుర్వేదం కటువును షడ్రసాలలో చేర్చింది. ఆధునిక శరీరధర్మశాస్త్రం మాత్రం దానిని రుచిగా అంగీకరించదు. మిరపకాయలు తరిగిన చేతితో కన్ను నలుపుకున్నవారికి కారణం చెప్పనక్కరలేదు.

1940లలో మిక్లోష్ యాన్చో ఒక విచిత్రాన్ని గమనించాడు. క్యాప్సైసిన్‌ను పదేపదే ఇచ్చిన జంతువులు క్రమంగా దానికే కాక ఆవనూనె వంటి ఇతర రసాయనాల ఘాటుకూ స్పందించడం మానేశాయి. గిచ్చితే మాత్రం ఎప్పటిలాగే స్పందించాయి. అంటే రసాయనాల బాధను మోసే నాడులు ప్రత్యేకంగా ఉన్నాయన్నమాట. యాన్చో 1966లో మరణించాడు. భార్య అరాంకా యాన్చో-గాబోర్, శిష్యుడు యానోష్ సోల్చాన్యిలతో కలిసి రాసిన ముఖ్యమైన వ్యాసం మరుసటి సంవత్సరం బ్రిటిష్ పత్రికలో వెలువడింది. నాడిని తెంచితే ఘాటు రసాయనం పూసినా చర్మం వాయదని అది నిరూపించింది. బాధను మెదడుకు చేరవేసే నాడే చర్మంలో వాపునూ పుట్టిస్తోంది! 1975లో సోల్చాన్యి, యాన్చో-గాబోర్ క్యాప్సైసిన్‌కు ప్రత్యేక గ్రాహకం ఉండాలని ప్రతిపాదించారు. ఆ గ్రాహకాన్ని పట్టి చూపే సాధనాలు అప్పటికి లేవు.

ఆ పనిని 1997లో జూలియస్ బృందంలోని మైకేల్ కాటెరినా తదితరులు సాధించారు. వెన్నుపాము పక్కనుండే జ్ఞాననాడీ కణాలలో పనిచేసే జన్యువులను సేకరించి, సుమారు 16,000 చొప్పున గుంపులు చేశారు. వాటిని క్యాప్సైసిన్‌కు స్పందించని మానవ మూత్రపిండ కణాలలో ప్రవేశపెట్టారు. ఏ గుంపు వల్ల కణంలోకి కాల్షియం ప్రవహిస్తుందో చూసి, దానిని మళ్లీ మళ్లీ విభజిస్తూ ఒకే జన్యువును చేరుకున్నారు. అది తయారుచేసే ప్రొటీన్ కణత్వచంలో ఉండే అయాన్ ద్వారం. నేడు దాని పేరు టి.ఆర్.పి.వి.1. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే, క్యాప్సైసిన్ లేకున్నా, అదే ద్వారం తెరుచుకుంటుంది. ఆమ్లత పెరిగితే ఇంకా తక్కువ వేడికే తెరుచుకుంటుంది. వాచిన చర్మానికి గోరువెచ్చని నీరు కూడా మంటగా తోచడానికి ఇదొక కారణం. ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే, 'నోరు మండింది' అన్నప్పుడు జ్ఞాననాడికి సంబంధించినంతవరకు అది అభిధే.

తరువాతి అడుగులు వేగంగా పడ్డాయి. 2002లో జూలియస్, పటపూటియన్ బృందాలు వేర్వేరుగా చల్లదనానికీ పుదీనా జాతి మొక్కల మెంథాల్‌కూ స్పందించే టి.ఆర్.పి.ఎం.8ను గుర్తించాయి. ఆవనూనె ఘాటుకు టి.ఆర్.పి.ఎ.1 కారణమని 2004లో తేలింది. కోడిలోని టి.ఆర్.పి.వి.1 వేడికి తెరుచుకున్నా క్యాప్సైసిన్‌ను దాదాపు పట్టించుకోదు. పక్షులు పండు మిరపను హాయిగా తిని గింజలను వెదజల్లేది ఇందువల్లనే.

ఈ ద్వారాన్ని మూసివేస్తే నొప్పి తగ్గుతుందన్న ఆశతో మందులు తయారయ్యాయి. వాటిలో కొన్నింటిని మనుషులపై పరీక్షించినప్పుడు శరీర ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పెరిగింది. ద్వారం తెరిస్తే ఒళ్లు చల్లబడుతుందని 1878లో హోగ్యెష్ గమనించినదానికి ఇది సరిగ్గా మరో వైపు.