చిన్న గాయమే కదా అనుకున్నా: మేకల పుండ్ల వైద్యం వెనకాల మన చరిత్ర



ఈ గ్రూపులో ఎక్కువగా పోరాటాల చరిత్ర రాస్తుంటాం. ఈసారి నేను ఒక పుండు చరిత్ర రాస్తున్నా. నవ్వుకోకండి, చివరిదాకా చదవండి.

నేను ఇంటర్ సెకండియర్‌లో ఉన్నప్పుడు దసరా సెలవులకి ఇంటికెళ్లా. మాది భద్రాచలం వైపు కోయ గూడెం. ఒకరోజు పొద్దుగూకే వేళ ఊరకుక్కలు గుంపుగా వచ్చి మా మేకల మీద పడ్డాయి. మేం కేకలేస్తూ ఉరికేసరికి రెండు మేకల్ని కరిచేశాయి. ఒకదానికి మెడ కింద తోలు చీలి వేలాడుతోంది, నెత్తురు కారుతోంది. రెండోది సూడి మేక. దాని తొడ మీద నాలుగు చిన్న రంధ్రాలు, పంటి గాట్లు, అంతే. నెత్తురు కూడా పెద్దగా రాలేదు.

అందరం పెద్ద గాయం మీదే పడ్డాం. అవ్వ వేపాకు వేసి నీళ్లు మరిగించింది, చల్లారాక గంటసేపు కడిగింది. పసుపు పెట్టింది. రోజూ పొద్దున, సాయంత్రం అదే పని. రెండో మేకని నాకు అప్పజెప్పారు. చిన్న గాయమే కదా అనుకున్నా. ఈగలు వాలకూడదని పేడ, మట్టి కలిపి ఆ నాలుగు రంధ్రాలూ మెత్తేశా. ఎవరో అలా చేస్తుంటే చూశా, అదే చేశా.

పెద్ద గాయం మేక నెలరోజుల్లో కోలుకుంది. సూడి మేక పది రోజులు బాగానే తిరిగింది. ఆ తర్వాత చెవులు నిక్కబొడుచుకుని, కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. నోరు తెరవలేకపోయింది. గాలి సోకిందన్నారు. మూడో రోజు చనిపోయింది, కడుపులో పిల్లతో సహా. దాన్నీ దాని పిల్లల్నీ అమ్మి నన్ను డిగ్రీలో చేర్పించాలని మా నాన్న అనుకున్నాడు. చివరికి వడ్డీకి తెచ్చిన డబ్బుతో చేరాను.

ఆ మేక ఎందుకు చనిపోయిందో నాకు డిగ్రీకి వచ్చాకే తెలిసింది. హాస్టల్ రూమ్మేట్ సైన్సు పుస్తకంలో ధనుర్వాతం పాఠం చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. అందులో ఉన్నది అచ్చం మా మేకే. అప్పట్నుంచి దీని గురించి దొరికిందల్లా చదువుతున్నా. నేను హిస్టరీ స్టూడెంట్‌ని కాబట్టి ఆ దారిలోనే చెప్తా.

మొదట మన తెలుగు నేల మీదే ఉన్న ఒక రాయి దగ్గర మొదలుపెడదాం. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనాలు ఉన్నాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నాటివి. ఆయన రెండో శిలాశాసనంలో మనుషులకీ, పశువులకీ వైద్యం ఏర్పాటు చేశానని చెప్పుకున్నాడు. మందు మొక్కలు ఎక్కడ లేవో అక్కడికి వేరేచోట నుంచి తెప్పించి నాటించానని కూడా ఉంది. పశువుల వైద్యం గురించి మన దేశంలో ఒక రాజు రాయి మీద చెక్కించిన మాట ఇది. కానీ అదే అశోకుడు 13వ శాసనంలో అడవి జనాన్ని హెచ్చరించాడు, దారికి రాకపోతే శిక్షించే బలం నాకుందన్నాడు. చరిత్రలో మన పేరు ఎక్కువగా అలాగే వస్తుంది, హెచ్చరించాల్సిన వాళ్లుగా. ఆ మందు మొక్కలు ఎక్కడ పెరుగుతాయో, ఏ ఆకు దేనికి పనికొస్తుందో బాగా తెలిసినవాళ్లు అడవిలో ఉన్నవాళ్లే కదా. ఆ మాట మాత్రం ఎవరూ చెక్కించలేదు.

ఇప్పుడు మన మందుల సంగతి. పుండుకి పురుగు పడితే మన దగ్గర ఏం చేస్తారు? సీతాఫలం ఆకు నూరి పెడతారు. కొన్నిచోట్ల పొగాకు కషాయం పోస్తారు. ఇది తాతల కాలం నాటి అడవి వైద్యం అని గర్వంగా చెప్పుకుంటాం. నేనూ చెప్పుకున్నా. కానీ సీతాఫలం, పొగాకు రెండూ అమెరికా ఖండం మొక్కలు. 1500ల తర్వాత పోర్చుగీసు వాళ్ల ఓడల్లో ఇటు వచ్చాయి. 1600ల మొదట్లో అసద్ బేగ్ అనే అధికారి బీజాపూర్‌లో పొగాకు చూసి, కొత్త వింతగా అక్బర్ దర్బారుకి తీసుకెళ్లాడు. అంటే అప్పటికి ఢిల్లీ, ఆగ్రా వాళ్లకి అది కొత్త, దక్కనులో అప్పటికే ఉంది.

ఇది తెలిశాక నాకు మొదట కొంచెం బాధేసింది, మనదనుకున్నది మనది కాదా అని. తర్వాత ఆలోచిస్తే గర్వం ఇంకా పెరిగింది. ఎందుకంటే ఎక్కడి నుంచో వచ్చిన ఒక చెట్టుని మన పూర్వీకులు చూశారు, దాని ఆకు నూరి పెట్టి చూశారు, పురుగు చస్తోందని కనిపెట్టారు, పక్క గూడేనికి చెప్పారు. వాళ్లకి ఏ పుస్తకమూ నేర్పలేదు. సీతాఫలం ఆకులో, గింజలో పురుగుల్ని చంపే గుణం ఉందని ఇప్పుడు సైన్సు కూడా ఒప్పుకుంటోంది. అంటే మన వైద్యం మూతపెట్టిన కుండ కాదు. కొత్తది వస్తే తీసుకుని, వాడి చూసి, పనికొస్తే ఉంచుకున్న వైద్యం.

అన్నీ పనికొచ్చాయని కాదు. మిరపకాయ కూడా ఆ ఓడల్లోనే వచ్చింది. కుక్క కరిచిన చోట కారం పెట్టడం ఇప్పటికీ కొన్ని ఊళ్లలో ఉంది. దాని వల్ల మంట తప్ప లాభం లేదు. పొగాకు పురుగుని చంపుతుంది, కానీ అందులోని నికోటిన్ విషం ఎక్కువైతే పుండులోంచి ఒంట్లోకి ఎక్కి మేకకే ప్రమాదం. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. ఒకే ఓడలో వచ్చిన మూడింటిలో ఒకటి మేలు, ఒకటి సగం మేలు, ఒకటి కీడు. పాతదా కొత్తదా అని కాదు, పని చేస్తుందా లేదా అని చూడాలి.

ఇక ఆసుపత్రుల వైపు వద్దాం. 160 ఏళ్ల క్రితం యూరప్‌లో పెద్ద పెద్ద డాక్టర్లకే పుండు ఎందుకు చీము పడుతుందో తెలీదు. చెడు గాలి వల్ల అనుకునేవాళ్లు. (మా ఊళ్లో గాలి సోకిందన్నవాళ్లని చూసి ఎవరూ నవ్వక్కర్లేదు.) కంటికి కనపడని సూక్ష్మజీవుల వల్లే కుళ్లు వస్తుందని పాశ్చర్ చూపించాక, 1865 ఆగస్టులో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ అనే డాక్టర్ ఒక ప్రయోగం చేశాడు. బండి కింద పడి కాలు విరిగి ఎముక బయటికొచ్చిన 11 ఏళ్ల పిల్లవాడి గాయానికి కార్బాలిక్ ఆమ్లంలో ముంచిన గుడ్డ కట్టాడు. అప్పట్లో అలాంటి కాలుని తీసేయడమే మార్గం. ఆ పిల్లవాడు ఆరు వారాల్లో కాలుతోనే ఇంటికెళ్లాడు.

నా మేకని చంపినదాని కథ ఆ తర్వాతది. 1884లో జర్మనీలో నికొలాయర్ మట్టిలో ధనుర్వాతం తెప్పించే సూక్ష్మజీవి ఉందని చూపించాడు. 1889లో జపాన్‌కి చెందిన కిటసాటో దాన్ని విడిగా పెంచగలిగాడు. దాని గుణం ఏంటంటే, అది గాలి తగలని చోటే పెరుగుతుంది. మట్టిలో, పశువుల పేడలో దాని గింజల్లాంటివి ఏళ్లతరబడి చావకుండా ఉంటాయి. ఇప్పుడు నేను చేసింది ఒకసారి గుర్తుతెచ్చుకోండి. కుక్క కోర దిగిన లోతైన సన్నని రంధ్రం. దాన్ని కడగలేదు. పేడా మట్టీ పెట్టి మూతేశా. ఆ సూక్ష్మజీవికి విత్తనమూ నేనే వేశా, ఇల్లూ నేనే కట్టిచ్చా. పెద్ద గాయం తెరుచుకుని ఉంది, గాలి తగిలింది, అవ్వ రోజూ కడిగింది, అందుకే మానింది. అవ్వకి కిటసాటో ఎవరో తెలీదు, కానీ కడగడం తెలుసు.

కుక్క కాటులో ఇంకో భయం రేబీస్. 1885 జులై 6న పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కి మొదటిసారి టీకా ఇచ్చాడు. మన దేశంలో 1900లో కసౌలిలో, 1907లో కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లు వచ్చాయి. 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ తయారుచేసిన టీకానే మన పెద్దవాళ్లకి గుర్తున్న బొడ్డు చుట్టూ 14 సూదుల టీకా. దాన్ని గొర్రెల మెదడు నుంచి తీసేవాళ్లు. అందులోని వైరస్‌ని చంపడానికి వాడింది లిస్టర్ వాడిన ఆ కార్బాలిక్ ఆమ్లమే. 2004 చివరిదాకా మన దేశంలో ఆ టీకా తయారైంది. అంటే కుక్క కరిచిన మనుషుల్ని దాదాపు వందేళ్లు గొర్రెలు కాపాడాయి. మరి గొర్రెకి, మేకకి కరిస్తే ఎవరు పట్టించుకున్నారు?

ఇక్కడే మన చరిత్ర వస్తుంది. బ్రిటిష్ వాళ్ల పశువైద్యం ముందుగా సైన్యం గుర్రాల కోసం, తర్వాత దుక్కిటెద్దుల కోసం పెరిగింది. 1903లో మద్రాసులో పశువైద్య కాలేజీ వచ్చింది. మేక మాత్రం వాళ్ల లెక్కలో అడవికి శత్రువు. 1882 మద్రాసు ఫారెస్టు చట్టంతో రిజర్వు అడవులు పుట్టాయి, మేతకి హద్దులు వచ్చాయి, మేకల మీద మరీ ఎక్కువ. 1922-24లో అల్లూరితో మన్యం లేచినా, నైజాంలో కొమురం భీమ్ 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చినా, ఆ కారణాల్లో అడవి మీద ఆంక్షలున్నాయి. భీమ్ పోరాటంలో పశువుల మేత పన్ను కూడా ఒక కారణం. 2006 అటవీ హక్కుల చట్టంలో మేత హక్కుని మళ్లీ రాశారు. ఇన్నేళ్లూ మేక మన దగ్గర బ్యాంకు పాసుబుక్కులాంటిది. పెళ్లికి, జబ్బుకి, ఫీజుకి అదే. కానీ దానికి గాయమైతే దిక్కు అవ్వ చేతిలోని వేపాకు నీళ్లే.

ఇప్పుడు పరిస్థితి కొంచెం మారింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. సిగ్నల్ లేని గూడేలకి, వానాకాలం దారి తెగే ఊళ్లకి అది చేరేలోపు మనం చేయాల్సింది ఉంటుంది. నేను నేర్చుకున్నది ఇది.

చిరుతో, రేచుకుక్కో, ఊరకుక్కో ఏది కరిచినా ముందు చేతులకి గ్లౌజులు వేసుకోండి, లేకపోతే ప్లాస్టిక్ కవర్లు కట్టుకోండి. ఆ జంతువు ఉమ్మిలో రేబీస్ ఉండొచ్చు. నెత్తురు ఎక్కువ కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదమండి. ఆగాక గాయం చుట్టూ వెంట్రుకలు కత్తిరించండి. పైకి ఒక గాటు కనపడితే వెంట్రుకల కింద ఇంకో మూడు ఉంటాయి. సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు బాగా కడగండి. తర్వాత మరిగించి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒకటిన్నర టీస్పూన్ల ఉప్పు కలిపి, సూది తీసేసిన సిరంజితో ప్రతి రంధ్రంలోకీ కొట్టండి. పోవిడోన్ అయోడిన్ దొరికితే పలచని టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి వాడండి. కాటు గాయాన్ని కుట్టేయొద్దు, మూసేయొద్దు, చీము బయటికి పోయే దారి ఉండాలి. పేడ, మట్టి, బూడిద, కారం వద్దు.

మేకని ఈగలు లేని పొడి చోట కట్టేయండి. పుండు చుట్టూ (లోపల కాదు) వేపనూనె రాస్తే ఈగ వాలదు. పురుగు పడితే చిమటాతో ఒక్కటి కూడా వదలకుండా తీసి మళ్లీ కడగండి. కొన్ని రకాల ఈగల పురుగులు బతికున్న కండనే తింటాయి, ఒక్కరోజు ఆలస్యమైనా గాయం రెండింతలవుతుంది. వాపు, కంపు, మేత మానేయడం, 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం ఉంటే డాక్టరు తప్పనిసరి. ధనుర్వాతం సూది, రేబీస్ టీకాల కోర్సు గురించి మొదటిరోజే అడగండి. యాంటీబయాటిక్ ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ వేయించండి, డాక్టరు చెప్పినన్నాళ్లు ఆ మేక పాలు, మాంసం వాడొద్దు. గొంతు మారి అదేపనిగా అరుస్తున్నా, చొంగ కారుస్తున్నా నోట్లో చెయ్యి మాత్రం పెట్టొద్దు.

మొన్న సెలవులకి వెళ్లినప్పుడు అవ్వకి ఇదంతా చెప్పా. ఆ రోజు చిన్న గాయం మీద పేడ మెత్తింది నేనే అని కూడా చెప్పా. ఇన్నాళ్లూ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అవ్వ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ సిరంజి ఎక్కడ దొరుకుతుందిరా అని అడిగింది. ఇప్పుడు మా ఇంటి చూరులో ఎండిన వేపాకు కట్ట పక్కన ఒక సిరంజి, ఒక అయోడిన్ సీసా వేలాడుతున్నాయి. సీతాఫలం ఆకుని తీసుకున్నట్టే అవ్వ వీటినీ తీసుకుంది.

మీ ఊళ్లో పుండ్లకి ఏం వాడతారో మీ అవ్వల్ని, తాతల్ని, వడ్డెల్ని అడిగి రాసి పెట్టండి. ఏ ఆకు, ఎంత, ఎన్నాళ్లు, ఏం జరిగింది, అన్నీ. మన వైద్యం చరిత్రని అశోకుడు చెక్కించలేదు, బ్రిటిష్ వాళ్లు రాయలేదు. రాయడం నేర్చుకున్న మొదటి తరం మనమే కాబట్టి ఆ పని మన మీదే ఉంది.