జఠరంలో సూక్ష్మజీవి, నెత్తుటిలో చక్కెర

జఠరంలో ఊరే ఘాటైన ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతికి బట్టకట్టలేదన్న నమ్మకం ఇరవయ్యో శతాబ్దపు వైద్యంలో ఎంత బలంగా నాటుకుపోయిందంటే, దానికి విరుద్ధంగా కంటబడిన ఆధారాలు సైతం దశాబ్దాల పాటు మరుగునే ఉండిపోయాయి. 1893లో ట్యూరిన్‌లో జూలియో బిట్సొజేరో కుక్కల జఠరపు పొరల్లో మెలితిరిగిన సూక్ష్మజీవులను వర్ణించారు. 1899లో క్రాకో నగరంలో వాలెరీ యావర్‌స్కీ మనుషుల జఠర ద్రవంలోనూ అటువంటివాటిని చూశారు. కానీ 1954లో అమెరికా వైద్యుడు ఎడ్డీ పామర్ వెయ్యిమందికి పైగా రోగుల జఠరపు పొర ముక్కలను సాధారణ రంజకాలతో పరీక్షించి, ఎందులోనూ బాక్టీరియా లేదని ప్రకటించడంతో ఆ అన్వేషణ మూలనపడింది.

దానికి మళ్లీ ప్రాణం పోసినది ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరం. అక్కడి రాయల్ పెర్త్ ఆసుపత్రిలో కణజాల పరీక్షకుడైన రాబిన్ వారెన్ 1979లో వాపెక్కిన జఠరపు పొర మీద వంకర బాక్టీరియాను గుర్తించగా, 1981లో యువ వైద్యుడు బారీ మార్షల్ ఆయనతో చేయి కలిపారు. రోగుల నుంచి సేకరించిన నమూనాలను పోషక పదార్థం నింపిన పళ్లేల్లో పెంచి చూసినప్పుడు, ఆనాటి వాడుక ప్రకారం రెండు రోజుల్లో ఏమీ మొలవకపోతే వాటిని పారవేసేవారు. 1982 ఈస్టర్ సెలవుల్లో మాత్రం ఆ పళ్లేలు ఎవరూ ముట్టుకోకుండా సుమారు ఐదు రోజులు ఉండిపోవడంతో, నిదానంగా పెరిగే ఆ బాక్టీరియా తొలిసారి కంటికి కనిపించింది. అదే నేటి హెలికోబాక్టర్ పైలోరీ. అది యూరియేస్ అనే ఎంజైముతో యూరియాను విడగొట్టి, పుట్టిన అమ్మోనియాతో తన చుట్టూ ఆమ్లాన్ని తగ్గించుకుంటుంది. ఈ గుణం ఆధారంగానే, ఊదిన గాలిని బట్టి సోకిందో లేదో చెప్పే శ్వాస పరీక్ష తయారైంది.

1984లో మార్షల్ ఆ బాక్టీరియా ద్రవాన్ని స్వయంగా తాగి, కొద్ది రోజుల్లోనే వాంతులకు, జఠరపు వాపుకు లోనయ్యారు. అయినా అల్సర్‌కు, అంటే జఠరపు పుండుకు, ఆ బాక్టీరియాయే కారణమని వైద్యలోకాన్ని పూర్తిగా ఒప్పించినది ఆ సాహసం కన్నా చికిత్స ఫలితమే: యాంటీబయాటిక్ మందులతో బాక్టీరియాను తొలగించిన రోగుల్లో అత్యధికులకు అల్సర్ తిరగబెట్టలేదు. వారెన్, మార్షల్‌లకు 2005లో నోబెల్ బహుమతి దక్కింది.

చక్కెర వ్యాధి చరిత్ర మరో దారిన నడిచింది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను శరీరమే నాశనం చేసుకునే టైప్ 1 మధుమేహం పిల్లలకు ఒకప్పుడు మరణశిక్షతో సమానం. 1922 జనవరిలో టొరాంటోలో 14 ఏళ్ల బాలుడికి ఇన్సులిన్ ఇవ్వడంతో ఆ స్థితి మారింది. అయితే చక్కెర రోజంతా పెరుగుతూ తగ్గుతూ ఉండటం వల్ల, చికిత్స ఎంత బాగా సాగుతోందో తేల్చే కొలమానం చాలాకాలం కొరవడింది. 1968లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహబర్ మధుమేహ రోగుల హిమోగ్లోబిన్‌లో ఒక తేడాను గుర్తించారు. అది చక్కెర అంటుకున్న హిమోగ్లోబిన్ అనీ, రెండు మూడు నెలల సగటు చక్కెరను సూచిస్తుందనీ తర్వాత తేలింది. అదే హెచ్‌బీఏ1సీ. 13 నుంచి 39 ఏళ్ల మధ్య వయసున్న 1,441 మందిపై అమెరికా, కెనడాల్లో సాగి 1993లో ముగిసిన అధ్యయనం, ఈ సంఖ్యను తగ్గించి ఉంచితే కళ్లకు, మూత్రపిండాలకు, నరాలకు కలిగే హాని బాగా తగ్గుతుందని రుజువు చేసింది.

బాక్టీరియాను పట్టే పరీక్ష, హెచ్‌బీఏ1సీ అనే ఈ రెండు కొలతలూ అందుబాటులోకి వచ్చాకే, జఠరపు బాక్టీరియా మధుమేహమున్న పిల్లల చక్కెరను అదుపు తప్పిస్తుందా అన్న ప్రశ్న అడగడం సాధ్యమైంది. దీర్ఘకాలపు వాపు ఇన్సులిన్ పనిని మందగింపజేయవచ్చు. జఠరం ఖాళీ అయ్యే వేగం మారితే, సూదితో ఇచ్చిన ఇన్సులిన్‌కూ ఆహారం నుంచి వచ్చే చక్కెరకూ పొంతన కుదరకపోవచ్చు. 1990ల చివర న్యూ ఆర్లియన్స్ వైద్యులు, మధుమేహమున్న పిల్లల్లో ఈ బాక్టీరియా సోకినవారికి ఇన్సులిన్ ఎక్కువ అవసరమైందని నివేదించారు. తర్వాతి అధ్యయనాల్లో కొన్ని హెచ్‌బీఏ1సీ ఎక్కువగా ఉందనీ, మరికొన్ని తేడా లేదనీ చెప్పాయి; బాక్టీరియాను తొలగించినంత మాత్రాన చక్కెర అదుపులోకి వస్తుందన్న స్థిరమైన రుజువు దొరకలేదు.

ఇక్కడ కొలమానాన్నే పరీక్షించవలసిన కారణం ఒకటుంది. ఈ బాక్టీరియాకు ఇనుము లోపంతో సంబంధముందని తెలుసు. ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతలో, చక్కెర పెరగకపోయినా హెచ్‌బీఏ1సీ ఎక్కువగా కనిపించవచ్చు. పిల్లల్లో రక్తహీనత విస్తారంగా ఉన్న తెలుగు ప్రాంతాల్లో ఒక్క సంఖ్యను చూసి ఇన్సులిన్ మోతాదు పెంచితే, చక్కెర ప్రమాదకరంగా పడిపోయే ముప్పుంది.

అల్సర్ విషయంలో ఈ బాక్టీరియా మీద నేరం రుజువైనది, దాన్ని తొలగిస్తే వ్యాధి తిరిగి రాకపోవడం వల్లనే. మధుమేహంలో అటువంటి రుజువు ఇంకా దొరకలేదు గనుక, బాక్టీరియా సోకిన పిల్లలకు వైద్యుల సలహాపై జఠర వ్యాధి కోసమే చికిత్స చేయాలి. చక్కెర అదుపును మాత్రం క్రమం తప్పని ఇన్సులిన్, ఆహారం, రోజువారీ పరీక్షల మీదే నిలపాలి.